గడ్డి కాదండీ బావగారూ!

గంట కిందటే వేగస్ పక్కనున్న రెడ్ రాక్ కాన్యన్ నుంచి ఇంటికొచ్చాం. షూలో ఇసుక ఇంకా దులపలేదు, కోపం అసలే దిగలేదు.

డాలస్ నుంచి వచ్చిన మా బావగారు గ్రూప్ ఫొటో కోసం వెనక్కి వెనక్కి నడిచి, సరిగ్గా సైమోప్టెరస్ అనే చిన్న ఎడారి మొక్క మీద నిలబడ్డారు. "బావగారూ, కాలు తీయండి, పువ్వుంది" అంటే కిందికి చూసి, "ఇదా పువ్వు? ఏదో గడ్డి కదయ్యా!" అంటూ కాలు కాస్త పక్కకి జరిపారు. అక్కడ దాని పిల్ల మొక్క ఉంది.

గడ్డంట! చెట్టంత ఎదగలేదు నిజమే. ఎడారిలో బతకాలి కాబట్టి వేరు లోతుకి దించి, ఆకులు నేలకి పరుచుకుని కూర్చుంటుంది. మోకాళ్ల మీద కూర్చుని చూశాను కాబట్టి చెప్తున్నా: చిట్టి ఊదా పూలు బంతిలా ముద్దకట్టి ఉంటాయి. చుట్టూ ఉల్లిపొర లాంటి తెల్లటి రేకులు, వాటి మీద సన్నటి ఈనెలు. ఆకులేమో బూడిద చల్లిన కొత్తిమీరలా ఉంటాయి. కాయలకి అలలు తిరిగిన రెక్కలొస్తాయి, ఆ గ్రీకు పేరుకి అర్థమే అది. ఇదంతా చెప్పి, ఇది క్యారట్ కుటుంబమే అంటే, "క్యారట్ కుటుంబమా? అయితే పీకు, కింద క్యారట్ ఉందేమో" అని జోకు. అందరూ నవ్వారు. మా అక్క కూడా!

పీకండి, తినండి. సోక్రటీస్‌కి తాగించిన విషపు మొక్క హెమ్లాక్ కూడా క్యారట్ కుటుంబమే.

అదే నారింజ రంగు పాపీ పూలైతే పట్టుచీరలు కట్టుకుని మరీ వెళ్తారు. 2019లో కాలిఫోర్నియాలో లేక్ ఎల్సినోర్ దగ్గర జనం ఆ పూలలో ఫొటోలకి ఎగబడితే దారులే మూసేయాల్సొచ్చింది. అందంగా ఉంటే పడుకుని తొక్కుతాం, లేకపోతే నిలబడి తొక్కుతాం.

అసలు నా మంట ఇవాళ్టిది కాదు. కిందటేడు మా పెరట్లో కొత్తిమీర పూతకొచ్చింది. గొడుగుల్లాంటి తెల్లపూలు, వాటినిండా తేనెటీగలు. విత్తనాలకని ఉంచాను. ఆఫీసు నుంచి వచ్చేసరికి మొత్తం చెత్తడబ్బాలో ఉంది. "ముదిరిపోయిందయ్యా, పీకేశా" అన్నారు బావగారే, పెద్ద సాయం చేసినట్టు. మరి ధనియాలు ఎక్కణ్నుంచి వస్తాయనుకున్నారు? ఇండియన్ స్టోర్ ప్యాకెట్లో మొలుస్తాయా? ధనియాలు, జీలకర్ర, వాము, సోంపు, ఇంగువ... వంటింటి డబ్బాల్లో సగం ఈ 'గడ్డి' చుట్టాలే.

పై గదిలో కూర్చుని ఇది టైప్ చేస్తుంటే కింద నుంచి ఆయన గొంతు వినిపిస్తోంది. రసంలో ఇంగువ తక్కువైందట.