ముక్కుపై మోజు, తోకపై చిన్నచూపు

అమెరికాలో, కారు వెనక తగిలించి లాక్కెళ్లే ట్రెయిలర్‌ను సొంతంగా కట్టుకునేవారికి ఒక బలహీనత ఉంది. ఇంటి వెనక షెడ్డులో ప్లైవుడ్, అల్యూమినియం రేకులతో నెలల తరబడి కుస్తీ పట్టి ముందు భాగాన్ని కోసుగా తీరుస్తారు. వెనక భాగం దగ్గరికి వచ్చేసరికి ఓపికా, డబ్బూ రెండూ అయిపోతాయి. అక్కడ గోడలా నిటారుగా ఒక తలుపు పెట్టి ముగించేస్తారు. గాలిని చీల్చాలంటే ముక్కు సూదిగా ఉండాలన్నది కంటికి నచ్చే లెక్క. గాలి లెక్క వేరు.

పరుగెత్తే బండిని గాలి ముందు నుంచి నెట్టడమే కాదు, వెనక నుంచి లాగుతుంది కూడా. పెట్టె ఆకారపు బండి వెళ్లిపోయాక దాని వెనక ఏర్పడే ఖాళీలోకి గాలి ఒద్దికగా వచ్చి చేరదు. సుడులు తిరుగుతుంది, అక్కడ ఒత్తిడి పడిపోతుంది. ముందున్న ఎక్కువ ఒత్తిడికీ వెనకున్న తక్కువ ఒత్తిడికీ మధ్య తేడానే ఇంజను మోయాల్సిన బరువు.

ఈ సంగతి ఒంటికి తగిలి తెలుసుకున్నవాడు ఎడ్విన్ సాల్ట్‌జ్‌మన్. కాలిఫోర్నియా ఎడారిలో నాసాకు చెందిన డ్రైడెన్ (ఇప్పుడు ఆర్మ్‌స్ట్రాంగ్) పరిశోధన కేంద్రంలో ఇంజనీరుగా పనిచేశాడు. సైకిల్ మీద వెళ్తుంటే, దాటిపోయే లారీ ముందుగా ఆయన్ను రోడ్డు పక్క పొదలవైపు తోసేది, వెళ్తూ వెళ్తూ మళ్లీ తనవైపు లాక్కునేది. చమురు సంక్షోభం తలెత్తిన 1973లో ఆయన బృందం ప్రయోగాలు మొదలుపెట్టింది. విమానాలు పరీక్షించే చోట ఒక ఫోర్డ్ వ్యాను తెచ్చి, దాని చుట్టూ అల్యూమినియం రేకులు బిగించి, అన్ని మూలలూ 90 డిగ్రీలతో ఉండే చెప్పుల డబ్బాలా తయారుచేశారు. ఆ తర్వాత ఒక్కో మార్పు చేస్తూ కొలిచారు. నిలువు మూలలను గుండ్రంగా చేస్తే గాలి నిరోధం 40 శాతం తగ్గింది. లోపలి జాగాలో పోయింది 1.3 శాతమే. అడ్డ మూలలను కూడా గుండ్రంగా చేస్తే తగ్గుదల 54 శాతానికి చేరింది, జాగా నష్టం 3 శాతం. తరువాతి దశలో వెనక భాగాన్ని క్రమంగా సన్నబడేలా పొడిగిస్తే మరో 15 శాతం దాకా ఆదా కనిపించింది.

ఈ అంకెల్లో నాకు ముఖ్యంగా తోచేది ఒకటి. 54 శాతం తెచ్చిపెట్టింది సూది ముక్కు కాదు, మూలల గుండ్రదనం. ముందు అంచులను గుండ్రంగా చేస్తే ముక్కు సంగతి దాదాపు తేలిపోయినట్టే. ఆపైన దాన్ని ఎంత కోసుగా చెక్కినా మిగిలేది కొంచెమే. పైగా ట్రెయిలర్ ఒంటరిగా నడవదు. కారో పికప్పో ముందుండి లాగుతుంది. ట్రెయిలర్ ముందు భాగానికి తగిలేది అప్పటికే ఆ బండి చెదరగొట్టిన గాలి. అందుకే ఎత్తయిన వ్యాను లాగే ట్రెయిలరుకు కోసు ముక్కు అలంకారంతో సమానం. బండికీ ట్రెయిలరుకూ మధ్య సందు తగ్గించడం, ట్రెయిలర్ ఎత్తును బండి ఎత్తుకు దగ్గరగా ఉంచడం అంతకన్నా మేలు చేస్తాయి.

మరి వెనక భాగాన్ని ఏటవాలుగా దించితే సరిపోతుందా? అసలు చిక్కు ఇక్కడే. ఎంత వాలు అన్న ప్రశ్నకు 1984లో అహ్మద్, రామ్, ఫాల్టిన్ ప్రచురించిన ప్రయోగం ఇప్పటికీ ప్రామాణికం. కారును పోలిన మొద్దు నమూనా చేసి, దాని వెనక వాలు కోణాన్ని మారుస్తూ పోయారు. సుమారు 12.5 డిగ్రీల దగ్గర నిరోధం అతి తక్కువగా ఉంది. 30 డిగ్రీలకు వచ్చేసరికి అతి ఎక్కువైంది, నిటారు వెనక భాగం కన్నా అధ్వానంగా. ఆ కోణంలో వాలు రెండు అంచుల నుంచి బలమైన సుడులు పుట్టి బండిని వెనక్కి పట్టి ఉంచుతాయి. అంటే అరకొర జ్ఞానంతో వాలు పెట్టినవాడి కన్నా ఏమీ చేయనివాడే నయం.

నీటిబొట్టు ట్రెయిలర్ అని పేరుపడ్డ బుల్లి బండ్లకు అమెరికాలో 1930ల నుంచీ ఆదరణ ఉంది. లోపల ఇద్దరు పడుకునే చోటు, వెనక తలుపు పైకెత్తితే వంటగట్టు. ముచ్చటైన వస్తువే. కానీ వంటగట్టుకు ఎత్తు కావాలి కాబట్టి పైకప్పు చివరిదాకా ఎత్తుగా సాగి, ఆఖర్న ఒక్కసారిగా కిందికి వంగుతుంది. గాలి ఆ వంపును అంటిపెట్టుకుని దిగలేదు, మధ్యలోనే విడిపోతుంది. అసలైన నీటిబొట్టు రూపానికి తోక చాలా పొడవుండాలి. అంత పొడవు కుదరదు గనుకనే జర్మనీలో వునిబాల్డ్ కామ్, కోనిగ్-ఫాక్సెన్‌ఫెల్డ్ 1930లలో మధ్యేమార్గం పట్టారు. మెల్లగా సన్నబరుస్తూ వెళ్లి, ఒకచోట పదునైన అంచుతో తెగ్గొట్టేయడం. గాలి ఎలాగూ విడిపోవలసిందే అయితే అది ఎక్కడ విడిపోవాలో మనమే నిర్ణయించడం అన్నమాట.

ఎక్కడ విడిపోతోందో చూడటానికి గాలి సొరంగం అక్కర్లేదు. జానెడు ఊలు దారాలను బండి పైకప్పు మీద, వెనక పక్కల మీద వరుసగా ఒక చివర టేపుతో అంటించి, పక్కన ఇంకో కారులోంచి వీడియో తీస్తే చాలు. దారాలు తిన్నగా వెనక్కి పరుచుకుని కదలకుండా ఉన్నంతమేర గాలి అంటుకునే ఉంది. ఎక్కడ అవి కొట్టుకుంటూ, ముందుకు కూడా తిరుగుతూ కనిపిస్తాయో అక్కడితో దాని పట్టు తప్పింది. ఇంత చవకగా ఇంత నిజం చెప్పే పరికరం ఇంకొకటి లేదు. అయినా దాన్ని వాడకుండానే తోకలు బిగించేవారు బోలెడంత మంది.

తోక బిగించేటప్పుడు ఇంకో ప్రమాదం పొంచి ఉంటుంది. ట్రెయిలర్ బరువులో 10 నుంచి 15 శాతం దాకా ముందున్న కొక్కెం మీద పడాలన్నది అమెరికాలో వాడుకలో ఉన్న నియమం. ఇరుసు వెనక ఎంత బరువు చేరిస్తే కొక్కెం మీద భారం అంతగా తగ్గుతుంది. అది మరీ తగ్గితే హైవే మీద ట్రెయిలర్ పాములా అటూ ఇటూ ఊగడం మొదలుపెడుతుంది. నాలుగు చుక్కల పెట్రోలు కోసం ఆ గండం కొని తెచ్చుకోకూడదు. తేలికైన పలకలతోనే తోక కట్టాలి, కట్టాక కొక్కెం బరువు మళ్లీ తూచాలి. అడుగు భాగాన్ని నున్నగా మూయడానికి కొందరు ఎన్నికలయ్యాక మిగిలిన ప్లాస్టిక్ ప్రచార బోర్డులను వాడతారు. రాజకీయ నాయకుల వాగ్దానాలకు అంతకన్నా సద్వినియోగం నాకు తోచలేదు గానీ, పొగగొట్టం వేడి తగలకుండా దూరం పాటించాలి.

ఆదా ఎంత అన్న దగ్గర నేను ఎవరి మాటా తేలిగ్గా నమ్మను. గంటకు 90 కిలోమీటర్ల వేగంతో వెళ్తుండగా ఎదురుగా 10 కిలోమీటర్ల గాలి వీస్తే నిరోధ బలం దాదాపు 23 శాతం పెరుగుతుంది. చెంప మీద తగిలీ తగలని ఆ చిరుగాలి, ఇంట్లో చేసిన తోక తెచ్చే లాభాన్ని మింగేయగలదు, లేదా లేని లాభాన్ని చూపించగలదు. ఒకే రోడ్డు మీద రెండు వైపులా, తోకతో, తోక లేకుండా, మళ్లీ తోకతో నడిపి చూస్తే తప్ప ఆ అంకెకు విలువ లేదు.

నిరోధ బలం వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. గంటకు 65 మైళ్ల నుంచి 55కు దిగితే అది సుమారు 28 శాతం తగ్గుతుంది. రేకు లేదు, రివెట్టు లేదు. 1974లో అమెరికా దేశమంతటా 55 మైళ్ల పరిమితి పెట్టడానికి కారణం ఇంధన పొదుపే. కాలిఫోర్నియాలో ట్రెయిలర్ లాగే బండ్లకు ఈనాటికీ అదే పరిమితి. వారాంతాలన్నీ తోకకే ధారపోసి, పూర్తయిన రోజున 75 మీద పరుగెత్తించేవారిని చూస్తే జాలి వేస్తుంది. సంపాదించినదంతా వేగానికి కప్పం కట్టినట్టే.

మన దగ్గర హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద 2023లో గరిష్ఠ వేగాన్ని 100 నుంచి 120 కిలోమీటర్లకు పెంచారు. ఆ 20 కిలోమీటర్ల తేడాకు గాలి నిరోధం 44 శాతం ఎక్కువ. పొలం నుంచి ధాన్యం తెచ్చే ట్రాక్టర్ ట్రాలీకి మాత్రం ఈ గొడవ అంటదు. 25, 30 కిలోమీటర్ల వేగంలో దాన్ని ఆపేది గాలి కాదు, టైర్ల రాపిడి. దాని యజమాని టైర్లలో గాలి సరిగా ఉందో లేదో చూసుకుంటే చాలు.

కారు యజమానులకు వర్తించే సంగతి వేరే ఉంది. బండి రూపురేఖలు మార్చడానికి మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను హద్దులు పెట్టింది. తయారీదారు ఇచ్చిన వివరాలకు విరుద్ధంగా మార్పులు చెల్లవని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. కాబట్టి కారుకు తోక తొడగాలన్న ఉబలాటం ఉన్నవారు ముందుగా రవాణా శాఖ కార్యాలయంలో కనుక్కోవాలి. తిరుపతి వెళ్లొచ్చిన సామాను కోసం బిగించి, ఏడాదంతా ఖాళీగా నెత్తిన మోస్తున్న క్యారియర్‌ను విప్పి పక్కన పెట్టడానికి మాత్రం ఎవరి అనుమతీ అక్కర్లేదు, ఒక స్పానరు ఉంటే చాలు.