సవరణ: ఆ పియానో సీన్ జెనీవా సరస్సు దగ్గర కాదు

కొరియన్ డ్రామా సిరీస్ ‘క్రాష్ ల్యాండింగ్ ఆన్ యూ’ గురించి నిన్న రాసిన పోస్టులో రెండు తప్పులు దొర్లాయి, క్షమించండి. హీరో హ్యున్ బిన్ పియానో వాయించే సీన్ జెనీవా సరస్సు దగ్గర తీశారని రాశాను. కాదు, అది స్విట్జర్లాండ్‌లోని బ్రియెంజ్ సరస్సు ఒడ్డున ఉన్న ఇసెల్ట్‌వాల్డ్ అనే చిన్న ఊరు. నీళ్లలోకి చొచ్చుకెళ్లే ఆ చెక్క వంతెన చివర అతను వాయిస్తుంటే, పడవలో వెళ్లిపోతున్న హీరోయిన్ సన్ యే జిన్‌కి ఆ పాట వినిపిస్తుంది చూడండి, ఎన్నిసార్లు చూసినా నా గుండె ఝల్లుమంటుంది. ఇప్పుడు ఆ వంతెన ఎక్కాలంటే 5 ఫ్రాంకులు కట్టాలి, అంతమంది వస్తున్నారు మరి!

రెండోది, వాళ్లిద్దరూ తొలిసారి కలిసి నటించింది ఇందులోనే అన్నాను. అదీ తప్పే. 2018లోనే ఒక సినిమా చేశారు. నిజజీవితంలో వాళ్ల పెళ్లి 2022 మార్చిలో అన్నది మాత్రం సరైనదే.