డయాలిసిస్ రేటు: రోగిని చూసి కొలవాలా, కాగితం చూసి కొలవాలా?

అమెరికాలో కిడ్నీలు పూర్తిగా పాడైతే వయసుతో పనిలేకుండా దాదాపు అందరికీ మెడికేర్ (ముఖ్యంగా 65 దాటినవారికి ఉద్దేశించిన ప్రభుత్వ ఆరోగ్య బీమా) వర్తిస్తుంది. 1972 చట్టం చలవ అది. డయాలిసిస్ సెంటర్లకు డబ్బు ఎలా లెక్కగట్టాలన్న తగవు మాత్రం ఇంకా తెగలేదు. 2011 నుంచి యంత్రం, నర్సు, ల్యాబ్ పరీక్షలు, రక్తం పెరగడానికిచ్చే ఇంజెక్షన్లు అన్నీ కలిపి సెషన్‌కు ఒకటే మొత్తం. 2025లో ఈ బేస్ రేటు 273.82 డాలర్లు.

అందరికీ అదే ఇస్తే, ఖర్చెక్కువయ్యే పేషెంటును వదిలించుకోవాలనే సెంటర్లు చూస్తాయి. అందుకే వయసు, శరీర పరిమాణం, కొన్ని జబ్బులను బట్టి రేటు పెంచుతారు. డయాలిసిస్ మొదలైన తొలి 120 రోజులకు 32.7 శాతం అదనం. ఇది న్యాయమే. ఫిస్టులా (సూదులు గుచ్చడానికి చేతిలో కలిపే రక్తనాళాల జోడు) ఇంకా సిద్ధం కాదు, మందుల డోసు కుదురుకోదు, మనిషికీ అంతా కొత్త.

వయసు లెక్కే మింగుడుపడదు. 70–79 ఏళ్లవారితో పోలిస్తే 18–44 ఏళ్లవారికి 25.7 శాతం ఎక్కువ! కుర్రవాళ్లకు అంత ఖర్చేమిటి? అసలు ఏ పేషెంటుకు నర్సు ఎంతసేపు పనిచేసిందన్న లెక్క ఎవరి దగ్గరా లేదు. సెంటర్లు ఏడాదికోసారి ఇచ్చే మొత్తం ఖర్చుల నివేదికల నుంచి గణాంకాలతో పిండిన అంకె ఇది. ఖర్చు వయసుదా, దాని వెనకున్న మరోదానిదా అన్నది అందులో తేలదు.

జబ్బుల సంగతి ఇంకా ఘోరం. మొదట ఆరు ఉండేవి, 2016లో రెండు తీసేశారు. మిగిలిన వాటిలో జీర్ణకోశ రక్తస్రావం ఒకటి, దానికి 8.2 శాతం అదనం. కానీ పేషెంటు చేరేది వేరే ఆసుపత్రిలో. రికార్డు అక్కడ ఉంటుంది, బిల్లు పెట్టాల్సింది డయాలిసిస్ సెంటర్. ఆ కాగితం తెప్పించుకోలేక చాలా సెంటర్లు క్లెయిమే చేయవు. పోనీ నష్టం అంతటితో ఆగుతుందా? ఈ అదనాలన్నీ ఇంతవుతాయని ముందే అంచనా వేసి ఆ మేరకు బేస్ రేటు తగ్గించి ఉంచారు. క్లెయిమ్ కాని సొమ్ము సెంటర్లకు తిరిగి రాదు. పేరుకు సర్దుబాటు, పనిలో కోత.

2025 జనవరి నుంచి పేషెంటు సెంటర్‌లో యంత్రం మీద ఎంతసేపు ఉన్నాడో బిల్లులో నమోదు చేయాలని మెడికేర్ నిబంధన పెట్టింది. నా ఉద్దేశంలో ఆ సమయాన్ని బట్టి డబ్బివ్వడమే దారి. ఆ సమాచారం సెంటర్ చేతిలోనే ఉంటుంది, ఎవరినీ బతిమాలక్కర్లేదు. భారీ శరీరానికైనా, నీరు నెమ్మదిగా తీయాల్సిన గుండె జబ్బు మనిషికైనా తేడా చాలావరకు గంటల్లోనే కనిపిస్తుంది. సమయానికి డబ్బిస్తే సాగదీస్తారంటారా? డయాలిసిస్‌లో అసలు భయం సెషన్లు కుదించడం గురించే.

సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్త జబ్బున్న పేషెంటుకు మందులే ఎక్కువ పడతాయి, గంటలు చాలవన్నది సరైన అభ్యంతరం. అయితే అసాధారణంగా ఖర్చయ్యే కేసుల కోసం మొత్తం చెల్లింపుల్లో 1 శాతం విడిగా కేటాయించే ఏర్పాటు ఇప్పటికే ఉంది. చాలా ఏళ్లు అది కూడా పూర్తిగా వాడలేదు. జబ్బుల అదనాలు ఎత్తేసి, ఆ సొమ్ము బేస్ రేటులో కలిపి, ఇలాంటివారిని ఆ నిధి నుంచి ఆదుకోవచ్చు.