బెరెట్ పుట్టిల్లు బెయార్న్

అంచులేని మెత్తని గుండ్రటి ఉన్ని టోపీ బెరెట్ గురించి మీరు ప్రచురించిన వ్యాసంలో, అది ఫ్రాన్స్-స్పెయిన్ సరిహద్దున ఉండే బాస్క్ ప్రజల టోపీ అని రాశారు. ఆ పేరు లోకంలో స్థిరపడిన మాట నిజమే గాని, దాని పుట్టిల్లు ఫ్రాన్స్ నైరుతి మూలన, పిరనీస్ కొండల ఒడిలో ఉన్న బెయార్న్ ప్రాంతమనీ, అక్కడి గొర్రెల కాపరులు చలికీ వానకూ తట్టుకోవడానికి తమ మందల ఉన్నితోనే దానిని అల్లుకున్నారనీ చెప్పి ఉంటే వారికి న్యాయం జరిగేది. అక్కడి ఒలొరాన్ పట్టణంలో 1840లో మొదలైన లొలేర్ కర్మాగారం నేటికీ బెరెట్లు తయారుచేస్తోంది. వదులుగా అల్లిన ఉన్నిని వేడినీళ్ళలో మర్దించగా అది ముడుచుకుని, నీరు త్వరగా ఇంకనంత దట్టమవుతుంది. నడినెత్తిన కనిపించే చిన్న తోక అలంకారం కాదు, అల్లిక ముగిసిన చోటు.

బ్రిటిష్ ట్యాంకు దళం 1924లో నల్ల బెరెట్‌ను స్వీకరించడానికి కారణాలు కూడా ఇంత సాదావే: ఇరుకైన ట్యాంకులో అంచు ఉన్న టోపీ అడ్డం, నలుపు మీద నూనె మరకలు కనిపించవు. కాలేజీలో ఎన్‌.సి.సి.లో ఉన్నప్పుడు మేము బెరెట్‌ను తడిపి, తల మీదే ఆరనిచ్చి, కుడిచెవి వైపు వంపు తెచ్చుకునేవాళ్ళం. ఆ తడి ఉన్ని వాసన నాకింకా గుర్తుంది. 1960లో క్యూబా ఫొటోగ్రాఫర్ కోర్డా తీసిన, బెరెట్ పెట్టుకున్న చే గెవారా ఛాయాచిత్రానికి వ్యాసంలో ఇచ్చినంత చోటులో సగమైనా ఆ కాపరులకు దక్కవలసింది.