మరి సుబ్బారావు గారి సంగతేంటి?
ట్రాపికల్ మెడిసిన్ (అంటే వేడి దేశాల జబ్బుల వైద్యం) గురించి, ఆ డాక్టర్ల ట్రైనింగ్ గురించి వచ్చిన వ్యాసం చదివాను. ఆ వైద్యమంతా లండన్, లివర్‌పూల్ స్కూళ్ళల్లోనే తయారైంది, మనోళ్ళు పేషెంట్లుగా మాత్రమే ఉన్నారు అన్న ముక్క నేనొప్పుకోను. ఆ స్కూళ్ళు 1898, 99ల్లో పెట్టారు నిజమే, కానీ రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూసింది అంతకుముందే, 1897లో, మన సికింద్రాబాద్‌లో కదా. సరే ఆయన దొర అనుకుందాం, మరి భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారో? హార్వర్డ్‌లో ట్రాపికల్ మెడిసిన్ డిప్లొమానే చేశారాయన, తర్వాత లెడర్లీ అనే అమెరికా మందుల కంపెనీలో ఆయన టీమే బోదకాలుకి డీఈసీ మందు తెచ్చింది (హెట్రజాన్ అంటే పాతోళ్ళకి తెలుస్తుంది). ఇప్పటికీ మా ఊళ్ళో ఆశా వర్కరు ఇంటింటికీ తెచ్చేది ఆ బిళ్ళలే, ఏమన్నా తిన్నారా అని అడిగి మరీ తన ముందే మింగిస్తుంది, లేకపోతే మావాళ్ళు తర్వాత వేసుకుంటాంలే అని కిటికీలో పెట్టేస్తారు, కాళ్ళు బాగానే ఉన్నాయిగా మాకెందుకు అంటారు. వాపు రాకముందే రక్తంలో బోదకాలు తెచ్చే పురుగు పిల్లలుంటాయని, దోమే వాటిని పక్కింటికి మోసుకెళ్తుందని ఎంత చెప్పినా కొందరు వినరు. డాక్టర్ల ట్రైనింగ్ గురించి అంత రాసినవాళ్ళు ఈ ఆశా వర్కరుకిచ్చే ట్రైనింగ్ గురించి కూడా రెండు లైన్లు రాయాల్సింది.