కడబంతిలో కొడుకు

అమెరికా అన్నిట్లోనూ మనకంటే ముందుందని ఇన్నాళ్ళూ నమ్ముతూ వచ్చాను. రోడ్లలో, రాకెట్లలో ముందుంటే ఉండొచ్చు. కొడుకుల్ని పైకి తీసుకొచ్చే విద్యలో మాత్రం ఆ దేశం ఇంకా పలకా బలపం దగ్గరే ఉంది. బ్రానీ జేమ్స్ అనే బాస్కెట్‌బాల్ కుర్రాడి వ్యవహారం చూశాక ఈ విషయంలో నాకు అనుమానం మిగల్లేదు. తెలుగువాళ్ళం పెద్దమనసు చేసుకుని వాళ్ళకి నాలుగు ముక్కలు నేర్పాల్సిన సమయం వచ్చింది.

తండ్రి లెబ్రాన్ జేమ్స్. 2003లో హైస్కూలు నుంచి నేరుగా అమెరికా బాస్కెట్‌బాల్ లీగు ఎన్‌బీఏకి వచ్చాడు, అదీ ఆ ఏటి డ్రాఫ్టులో మొట్టమొదటి పేరుగా. నాలుగు టైటిళ్ళు గెలిచాడు. ఆ లీగులో ఇప్పటిదాకా పుట్టిన వాళ్ళందరికంటే ఎక్కువ పాయింట్లు ఆయనవే. అంటే, పేరు వినబడితే థియేటరు టాపు లేచిపోయే బాపతు. అటువంటివాడికి 2004లో కొడుకు పుడితే తన పేరే పెట్టుకున్నాడు. బ్రానీ అన్నది ముద్దుపేరు. తాతల పేర్లు పెట్టుకునే మనకి ఇది వింతగా ఉంటుంది. ఆయనక్కూడా తర్వాత వింతగానే అనిపించినట్టుంది. కుర్రాడికి పదమూడేళ్ళప్పుడు, ఆ పేరు పెట్టి పొరపాటు చేశానని పైకే అన్నాడు. ఇదీ మొదటి తప్పు. పేరు బరువని కన్నతండ్రే ఒప్పేసుకుంటే ఇక ఫ్లెక్సీల మీద ఏం రాయిస్తాం?

రెండో తప్పు 2024 డ్రాఫ్టు. డ్రాఫ్టంటే జట్లన్నీ వంతులవారీగా కొత్త కుర్రాళ్ళని ఎంచుకునే తంతు. ఆ ఏడు మొత్తం 58 మందిని ఎంచుకున్నారు. బాస్కెట్‌బాల్ చక్రవర్తి గారి అబ్బాయి ఎన్నోవాడో తెలుసా? 55. వెనకాల ముగ్గురే. "వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫర్వాలేదు" అని మన పెద్దలన్నారు గానీ, నిజంగానే పిల్లాణ్ణి తీసుకెళ్ళి కడబంతిలో కూర్చోబెట్టమనలేదు. అది మాట వరసకి అన్నది. అమెరికా వాళ్ళు సామెతని అక్షరాలా అమలు చేసేశారు.

మన దగ్గర పద్ధతే వేరు. వారసుడికి క్యూ ఉండదు. ముహూర్తపు షాట్‌కి ముగ్గురు పెద్దలొస్తారు, ఒకరు క్లాప్ కొడతారు, ఒకరు కెమెరా స్విచాన్ చేస్తారు, ఇంకొకరు ఊరికే కళ్ళు తుడుచుకుంటారు. ఇంటర్వెల్ లోపే కుర్రాడు పాతికమందిని గాల్లోకి లేపుతాడు. రాజకీయమైతే ఇంకా సుళువు. నాన్నగారి నియోజకవర్గం, నాన్నగారి కారు, నాన్నగారి ముఖమే ఉన్న పోస్టరు, కింద చిన్నక్షరాల్లో యువనేత. మొదటి రోజే మొదటి వరస. యాభై అయిదో కుర్చీ మన దగ్గర వారసుడికే కాదు, ఆయన డ్రైవరుకి కూడా వెయ్యం.

తెరవెనక ప్రయత్నం జరగలేదని కాదు. లెబ్రాన్‌కీ కొడుక్కీ ఏజెంటు ఒకడే, రిచ్ పాల్. కుర్రాణ్ణి మీరు తీసుకుంటే ఆస్ట్రేలియా వెళ్ళిపోతాడు జాగ్రత్త అని ఆయన మిగతా జట్లకి ఫోన్లు చేస్తున్నాడని డ్రాఫ్టు నడుస్తుండగానే టీవీలో కూర్చుని బాబ్ మైయర్స్ చెప్పేశాడు. గోల్డెన్ స్టేట్ అనే జట్టుకి ఒకప్పటి జనరల్ మేనేజరాయన. ఏకగ్రీవం చేయించడానికి ఎదుటివాళ్ళకి ఫోన్లు చెయ్యడం మనకి తెలియని విద్యేం కాదు. కానీ మనవాళ్ళు ఆస్ట్రేలియా పేరెత్తరు, అవతలివాడి ఊరి పేరే ఎత్తుతారు. చివరికి తండ్రి ఆడే లేకర్సే కుర్రాణ్ణి తీసుకుంది. నాలుగేళ్ళకి 79 లక్షల డాలర్లని వార్తలొచ్చాయి. మన లెక్కలో దాదాపు 66 కోట్లు. కాలేజీలో ఆటకి సగటున 4.8 పాయింట్లు కొట్టినవాడికి ఇది ఎక్కువా అంటే, ఎక్కువే. ఆ మాట ఒప్పుకోకుండా ఈ వ్యాసం ముందుకి సాగదు.

ఇక అరంగేట్రం. 2024 అక్టోబర్ 22 రాత్రి, లాస్ ఏంజెలెస్‌లో. మనకి బుధవారం పొద్దున. ఇడ్లీ ప్లేటు ఒళ్ళో పెట్టుకుని చూశాను. రెండో క్వార్టరు ఇంకో నాలుగు నిమిషాల్లో అయిపోతుందనగా తండ్రీ కొడుకులు ఇద్దరూ బెంచీ మీంచి లేచారు. స్కోరర్ల బల్ల దగ్గర పక్కపక్కనే నిలబడ్డారు. ఒక చొక్కా మీద జేమ్స్, ఇంకో చొక్కా మీద జేమ్స్ జూనియర్. అమెరికా బేస్‌బాల్‌లో 1990లో ఒకే జట్టుకి కలిసి ఆడిన తండ్రీకొడుకులు గ్రిఫీలు కూడా చూడ్డానికి వచ్చి కూర్చున్నారు. ఎన్‌బీఏలో ఇటువంటి జోడీ ఇదే మొదటిసారి. చట్నీ మీద ధ్యాస పోయింది, ఒప్పుకుంటాను. ఒహాయో రాష్ట్రంలో ఆక్రన్ అనే ఊళ్ళో పదహారేళ్ళ తల్లికి పుట్టి, తండ్రి అండ లేకుండా పెరిగినవాడు లెబ్రాన్. కొడుకు పక్కన ఆడాకే రిటైరవుతానని అంతకు రెండేళ్ళ ముందే అన్నాడు.

ఆ తర్వాత జరిగిందే దారుణం. కుర్రాడు రెండుసార్లు బంతి వేశాడు, రెండూ పడలేదు. మూడు నిమిషాలైనా నిండకముందే బయటికి పిలిచేశారు. ఒక్క స్లో మోషన్ లేదు. ఎగిరినప్పుడు వెనక శ్లోకం లేదు. ఎదురుగా ఉన్న మిన్నెసోటా వాళ్ళలో ఒక్కడైనా పెద్దాయన కొడుకని పక్కకి తప్పుకోలేదు. ఫైటు మాస్టరు చెప్పందే ఎవడూ పడడని వీళ్ళకి తెలియదేమో!

ఇక్కడ ఒక్క నిమిషం వెటకారం కట్టిపెడతాను. ఈ కుర్రాడు 2023 జూలై 24న కాలేజీ ప్రాక్టీసులో గుండె ఆగి కుప్పకూలాడు. వయసు పద్దెనిమిది. పుట్టుకతోనే గుండెలో లోపముందని తేలింది, ఆపరేషన్ అయింది, అయిదు నెలలు తిరక్కుండానే డిసెంబర్ 10న మళ్ళీ కోర్టులో దిగాడు. ఆ 4.8 సగటు ఆ తర్వాతి లెక్క. నాన్నగారు ఇప్పించలేనివి కొన్ని ఉంటాయి, అందులో ఇదొకటి. సరే, వెటకారానికి వద్దాం.

అసలు చిక్కంతా ఆ స్కోరు కాగితంతో వచ్చింది. 2025 జనవరి 28న ఫిలడెల్ఫియాలో కుర్రాణ్ణి పదిహేను నిమిషాలు ఆడించారు. అయిదు షాట్లు, సున్నా పాయింట్లు. ఆట ముగిసేసరికి ఆ సున్నా ప్రపంచమంతా తిరిగింది. కలెక్షన్లలో "గ్రాస్" కలిపే వెసులుబాటు లేదు, ఓవర్సీస్ లేదు, "మౌత్ టాక్ మెల్లగా పుంజుకుంటోంది" అనే ప్రెస్‌నోటు లేదు. ఈఎస్‌పీఎన్‌లో స్టీఫెన్ ఎ. స్మిత్ అనే గొంతున్న వ్యాఖ్యాత, ఒక తండ్రిగా ఆలోచించి ఇది ఆపవయ్యా అన్న ధోరణిలో బతిమాలాడు. మార్చి 6న ఆయన కోర్టు పక్కన కూర్చుని ఉంటే లెబ్రాన్ స్వయంగా దగ్గరికెళ్ళి ముఖం మీదే కడిగేశాడు. చూశారా ఎంత అనుభవం తక్కువో! మన దగ్గర పెద్దాయన నడిచి వెళ్తాడా? ఆయన బాధపడ్డారని తెలిస్తే చాలు, మిగతాది ఊరూరి అభిమాన సంఘాలు ఫోన్లలో చూసుకుంటాయి. పెద్దాయన మర్నాడు "అభిమానులు సంయమనం పాటించాలి" అని వీడియో పెడతారు.

ఆ మధ్యలోనే కుర్రాణ్ణి లేకర్స్ కిందే ఉండే సౌత్ బే అనే చిన్నజట్టుకి పంపారు. మనం ఎరిగిన భాషలో చెప్పాలంటే సీరియల్‌కి పంపినట్టు. మొదట్లో సొంత ఊళ్ళో జరిగే ఆటలకే పంపుతారనీ, పరాయి ఊళ్ళకి పంపరనీ వార్తలొచ్చాయి. ఇది చదివి నాకు కాస్త ఊపిరాడింది. హమ్మయ్య, వీళ్ళకీ కొంచెం తెలుసన్నమాట. తీరా డిసెంబర్‌లో ఫీనిక్స్ వైపు పంపితే అక్కడ ముప్ఫై పాయింట్లు కొట్టి వచ్చాడు. పంపకుండా కాపాడదామనుకున్న చోటే ఆడితే ఇక ఆ కాపాడ్డం ఎందుకో నాకు అర్థం కాలేదు.

మార్చి 20న మిల్వాకీ జట్టు ఆడ్డానికి వచ్చింది. గజ్జల్లో దెబ్బతో తండ్రి ఆడటం లేదు. ఇంకొందరు పెద్దవాళ్ళూ లేరు. పది షాట్లలో ఏడు పడ్డాయి, పదిహేడు పాయింట్లు. అప్పటిదాకా పెద్ద లీగులో అదే అతని అన్నిటికంటే మంచి రాత్రి, అదీ నాన్న కోర్టులో లేని రాత్రి. నాలుగు రోజులకి చిన్నజట్టులో ముప్ఫైతొమ్మిది. అమెరికాలో లక్షల మంది మన తెలుగువాళ్ళున్నారు. కటౌట్లకి పాలు పొయ్యడం చేతనైనవాళ్ళు వాళ్ళలోనే ఎంతోమంది. ఒక్కరైనా వెళ్ళి ఎట్లా పొయ్యాలో చూపించలేదు.

ఆ మిల్వాకీ ఆట లేకర్స్ 118–89 తేడాతో ఓడింది. అదే మన దగ్గరైతే రాత్రికి రాత్రి పోస్టరు పడేది, బ్లాక్‌బస్టర్ అని, పదిహేడు పక్కన ఒక సున్నా కలిపి. వాళ్ళు జేమ్స్ జూనియర్ పేరుకి ఎదురుగా 17 అని వేసి, లైట్లు ఆర్పుకుని ఇళ్ళకి పోయారు.