ఫొటో మీద గీసిన ప్రతి గీతకూ లెక్క ఉండాలి

ఫైనలియర్ ప్రాజెక్టు రివ్యూలు దగ్గర పడ్డాయంటే హన్మకొండ, కాజీపేట వైపు స్పైరల్ బైండింగ్ షాపుల్లో నిలబడడానికి చోటుండదు. ఆ రిపోర్టులు తిరగేస్తే సివిల్ వాళ్ల దాంట్లో గోడల పగుళ్లు, మెటలర్జీ వాళ్ల దాంట్లో మైక్రోస్కోప్ ఫొటోలు, ఎలక్ట్రానిక్స్ (ఈసీఈ) వాళ్ల దాంట్లో ఎక్స్‌రేలు. దాదాపు అన్నింటి మీదా ఎర్ర గీతలు కనిపిస్తాయి. ఈ పోస్ట్ ఆ ఎర్ర గీతల గురించే. చాలాకాలంగా చెప్పాలనుకుంటున్న మాట, కాస్త పొడుగైనా ఓపికగా చదవండి.

కొలత చూపించే ఫొటోలో గీతే అసలు ఫలితం. పగులు వెడల్పు ఇంత అని పక్కన అంకె రాస్తారు సరే, ఆ అంకె ఎక్కడి నుంచి ఎక్కడికి కొలిస్తే వచ్చిందో చెప్పేది గీత ఒక్కటే. అలాంటి గీతను మన పిల్లలు ఏం చేస్తున్నారు? స్క్రీన్‌షాట్ తీసి, పెయింట్‌లోనో వర్డ్‌లోనో పెట్టి, మౌస్‌తో ఒక ఎర్ర గీత లాగి వదిలేస్తున్నారు. 'ఈ గీత ఏ పిక్సెల్ (ఫొటోలోని చుక్క) దగ్గర మొదలైంది?' అని అడిగితే 'అంత చూస్తారా సార్, గీత కనపడితే సరిపోతది కదా' అంటారు. సరిపోదు. ఎందుకు సరిపోదో లెక్క వేసి చూపిస్తాను.

కాంక్రీట్ పనికి మనం పాటించే ఐఎస్ 456 కోడ్ ప్రకారం మామూలు పరిస్థితుల్లో పగులు వెడల్పు 0.3 మిల్లీమీటర్లు దాటకూడదు. ఎప్పుడూ తేమ తగిలే చోటయితే 0.2 మాత్రమే. ఇప్పుడు ఫోన్‌తో 40 సెంటీమీటర్ల గోడను ఫొటో తీశారనుకుందాం. ఫొటో అడ్డంగా 4000 పిక్సెళ్లు ఉంటే మిల్లీమీటరుకు 10 పిక్సెళ్లు వస్తాయి. అంటే కోడ్ చెప్పిన ఆ 0.3 మిల్లీమీటర్ల హద్దు మీ ఫొటోలో మూడంటే మూడు పిక్సెళ్లు. అదే ఫొటోను 1366 పిక్సెళ్ల ల్యాప్‌టాప్ స్క్రీన్ మీద పూర్తిగా కనిపించేలా పెట్టి స్క్రీన్‌షాట్ తీస్తే, స్క్రీన్ మీది ఒక్క చుక్క అసలు ఫొటోలోని సుమారు మూడు పిక్సెళ్లకు సమానం. మీరు కొలవాల్సిన పగులు మొత్తం ఒక చుక్కలోకి వెళ్లిపోయింది! దాని మీద మౌస్‌తో గీత గీసి 0.2837 మిల్లీమీటర్లు అని నాలుగు దశాంశ స్థానాలు వేస్తే ఆ అంకెను ఎవరు నమ్మాలి? గోడ దగ్గరికి వెళ్లి 10 సెంటీమీటర్ల మేర మాత్రమే ఫ్రేమ్‌లోకి వచ్చేలా తీస్తే అదే పగులు 12 పిక్సెళ్లవుతుంది. పక్కన ఒక స్టీలు స్కేలు గోడకు ఆనించి పెట్టాలి, ఫోన్‌ను గోడకు ఎదురుగా నిటారుగా పట్టుకోవాలి. పక్కనుంచి ఏటవాలుగా తీసిన ఫొటోలో ఒకే పొడవు ఒక చివర ఎక్కువ, ఇంకో చివర తక్కువ వస్తుంది. అప్పుడు ఏ సాఫ్ట్‌వేర్‌లో ఎంత జాగ్రత్తగా గీసినా లాభం లేదు.

ఇక సాఫ్ట్‌వేర్ సంగతి. ఎక్కువమంది పట్టుకునేది మాట్‌ల్యాబ్, లెక్కలకూ ఫొటోల విశ్లేషణకూ వాడే ప్రోగ్రామ్. అందులో గీత గీయడానికి నాలుగైదు దారులున్నాయి, ఒకటి ఇంకోదానిలా పనిచేయదు. ఈ తేడా ల్యాబ్‌లో ఎవరూ చెప్పకపోవడమే నా మొదటి ఫిర్యాదు. ఫొటో కనిపించే ఫిగర్ విండో పైన ఇన్సర్ట్ మెనూలో లైన్ అని ఉంటుంది. పిల్లలు ముందు దాని మీదే నొక్కుతారు. అది విండోకు అంటుకున్న గీత, ఫొటోకు అంటుకున్నది కాదు. దాని కొలతలన్నీ విండోలో సున్నా నుంచి ఒకటి వరకు ఉండే భిన్నాలు. ఫొటోను జూమ్ చేస్తే ఫొటో జరుగుతుంది, గీత ఉన్నచోటే ఉంటుంది. ప్రొజెక్టర్ పెట్టి, ఎగ్జామినర్ ముందు జూమ్ చేసేసరికి పగులు ఒకచోట, గీత ఇంకోచోట. నేను చూసిన రివ్యూల్లో పిల్లలు తెల్లమొహం వేసేది ఎక్కువగా ఇక్కడే.

ఫొటో పిక్సెళ్లకు కట్టుబడి ఉండే గీత కావాలంటే ఇమ్‌షో అనే ఫంక్షన్‌తో ఫొటో చూపించి, లైన్ ఫంక్షన్‌కు రెండు చివరల ఎక్స్, వై విలువలు ఇవ్వాలి. ప్లాట్ ఫంక్షన్‌తోనూ గీయొచ్చు, కానీ ముందు హోల్డ్ ఆన్ రాయకపోతే ఫొటో తుడిచిపెట్టుకుపోతుంది. లైన్‌కు ఆ బాధ లేదు, ఉన్నదాని మీదే గీస్తుంది. ఇక్కడ ఇంకో ముడి ఉంది. ఫొటోలో వై విలువ పై నుంచి కిందికి పెరుగుతుంది. పైగా ఫొటోను అంకెల పట్టికగా ఉంచే మ్యాట్రిక్స్‌లో ముందు అడ్డు వరుస, తర్వాత నిలువు వరుస రాస్తాం, గీతకేమో ముందు ఎక్స్, తర్వాత వై ఇస్తాం. 250వ అడ్డు వరుస, 900వ నిలువు వరుసలో ఉన్న పిక్సెల్ నుంచి గీత మొదలవ్వాలంటే ఎక్స్ 900, వై 250. ఇది తిరగబడితే గీత ఎటో పోతుంది. నిలువు, అడ్డం దాదాపు సమానంగా ఉన్న ఫొటోలో అయితే ఇంకా ప్రమాదం, ఎందుకంటే తప్పు గీత కూడా ఫొటో లోపలే పడి నిజమైనదానిలా కనిపిస్తుంది.

చేత్తో లాగి సరిచేసుకోవాలంటే మాట్‌ల్యాబ్ 2018 రెండో విడుదల నుంచి డ్రాలైన్ అనే ఫంక్షన్ ఉంది, ఇమేజ్ ప్రాసెసింగ్ టూల్‌బాక్స్ అనే అదనపు ప్యాకేజీలో. నాకు చాలా ఇష్టమైన పనిముట్టు ఇది. గీత చివరలు పట్టుకుని జరపొచ్చు, రంగు, మందం, లేబుల్ మార్చొచ్చు. జరిపినప్పుడల్లా పొడవు తనంతట తాను మారేలా రెండు మూడు వరుసల కోడ్‌తో లిజనర్ (మార్పును కనిపెట్టి స్పందించే కోడ్) కట్టొచ్చు. అన్నిటికన్నా ముఖ్యంగా, దాని పొజిషన్‌లో రెండు చివరల విలువలు అంకెల్లో ఉంటాయి. వాటిని ఫైల్‌లో దాచుకుంటే రేపు ఇంకొకరు అదే ఫొటో మీద అదే గీతను మళ్లీ గీసి సరిచూడొచ్చు. స్క్రీన్‌షాట్ మీద లాగిన గీతకు ఈ వీలు ఎక్కడిది?

మాట్‌ల్యాబ్ లైసెన్స్ లేదు సార్ అనే మాట నేను ఒప్పుకోను. మాట్‌ల్యాబ్ లాంటిదే అయిన ఆక్టేవ్ ఉచితం, అందులో లైన్, ప్లాట్, మౌస్‌తో బిందువులు పట్టే జీఇన్‌పుట్ అన్నీ ఉన్నాయి. పైథాన్ ప్రోగ్రామింగ్ భాష ఉచితం. అమెరికా నేషనల్ ఇన్‌స్టిట్యూట్స్ ఆఫ్ హెల్త్‌లో వేన్ రాస్‌బాండ్ తయారుచేసిన, ఫొటోల మీద కొలతలు తీసే ఇమేజ్‌జె కూడా ఉచితమే, పాత ల్యాప్‌టాప్‌లో కూడా నడుస్తుంది. అందులో గీత గీసి కంట్రోల్ బీ నొక్కితే అది ఫొటో పైన ఓవర్‌లేగా, అంటే విడి పొరగా నిలుస్తుంది, కంట్రోల్ డీ నొక్కితే ఫొటో పిక్సెళ్లలోనే ముద్ర పడిపోతుంది. ఈ రెండింటికీ మధ్య తేడా పిల్లలకు కచ్చితంగా తెలిసి తీరాలి. పైథాన్‌లో ఫొటోల పనికి వాడే ఓపెన్‌సీవీ లైబ్రరీలో లైన్ ఫంక్షన్, మాట్‌ల్యాబ్‌లో ఇన్సర్ట్‌షేప్ ఫంక్షన్ కూడా గీతను పిక్సెళ్లలోకే దించేస్తాయి. ఆ గీత కింద ఉన్న సమాచారం పోయినట్టే. ఒక టీమ్ అలా గీతలు ముద్రపడిన ఫొటోనే పొరపాటున పగుళ్లు పట్టే ప్రోగ్రామ్‌కు ఇచ్చింది. నిటారుగా, స్కేలు పెట్టి గీసినట్టున్న పగులు ఒకటి దొరికిందని ప్రోగ్రామ్ చెప్పింది. అది వాళ్లు గీసిన గీతే! ఒరిజినల్ ఫొటో వేరే ఫోల్డర్‌లో కదలకుండా ఉండాలి, గీతలు విడిగా ఉండాలి.

మందం గురించి ఎవరూ ఆలోచించరు గానీ సగం రిపోర్టులు చెడిపోయేది అక్కడే. మాట్‌ల్యాబ్‌లోనూ, పైథాన్‌లో బొమ్మలు గీసే మ్యాట్‌ప్లాట్‌లిబ్‌లోనూ లైన్‌విడ్త్ (గీత మందం) పాయింట్లలో ఉంటుంది. అంగుళంలో 72వ వంతు ఒక పాయింట్. ఫొటోను ఎంత జూమ్ చేసినా గీత అంతే మందంగా ఉంటుంది. ఓపెన్‌సీవీలో మందం ఫొటో పిక్సెళ్లలో ఉంటుంది. 4000 పిక్సెళ్ల ఫొటో మీద 3 పిక్సెళ్ల గీత గీసి, ఆ ఫొటోను పేజీలో ఆరు అంగుళాలకు కుదిస్తే ఆ గీత మందం మిల్లీమీటర్‌లో పదో వంతు. ప్రింట్‌లో కనిపించదు. కనిపించలేదని మందం 20 పెడతారు, అప్పుడది పగులునే కప్పేస్తుంది. పగులు వెడల్పు చూపించాలంటే గీతను పగులు మీద పరచకూడదు. రెండు అంచుల దగ్గర ఆగే చిన్న గీతలు రెండు, లేదా ఎదురెదురు బాణాలు పెట్టి మధ్యలో పగులును ఖాళీగా వదలాలి.

రంగు విషయంలో నాకు గట్టి అభిప్రాయం ఉంది. ఎర్ర గీత మానేయండి. మన రిపోర్టులు చివరికి నలుపు తెలుపు జిరాక్స్ అవుతాయి. జిరాక్స్‌లో ఎరుపు ముదురు బూడిద రంగులోకి మారి పగులులో కలిసిపోతుంది. పసుపు తేలిక రంగుగా మిగులుతుంది, అదేమో తెల్ల గోడ మీద కనపడదు. ఒకే రంగుతో పని జరగని ఫొటోలు మన ఊళ్లోనే కావలసినన్ని ఉన్నాయి. వేయిస్తంభాల గుడి స్తంభాల అంచుల తీరు మీద ఒక టీమ్ పనిచేసింది. 1163 నాటి ఆ నల్లరాతి నునుపు ఎలాంటిదంటే, ఒకే స్తంభం ఫొటోలో ఒకచోట తెల్లటి మెరుపు, దాన్ని ఆనుకుని చిమ్మచీకటి, మళ్లీ మెరుపు. డ్రాలైన్ తనంతట తాను ఇచ్చే నీలి రంగు ఆ చీకటి పట్టీల్లో మాయమైంది. తెలుపు పెడితే మెరుపులో మాయమైంది. చివరికి పనిచేసింది జోడు గీత: కింద మూడు పాయింట్ల నల్ల గీత, దాని మీద ఒకటిన్నర పాయింట్ల పసుపు గీత. చీకట్లో పసుపు నిలిచింది, వెలుగులో నలుపు అంచు నిలిచింది, జిరాక్స్‌లో కూడా రెండూ నిలిచాయి. డ్రాలైన్‌లో స్ట్రైప్‌కలర్ అని రెండో రంగు ఇస్తే గీత ముక్కలు ముక్కలుగా రెండు రంగుల్లో వస్తుంది, అది కూడా మంచిదే. రెండు రకాల గీతలున్నప్పుడు ఒకటి ఎరుపు, ఒకటి ఆకుపచ్చ పెట్టి వదిలేయకండి. ఆ రెండు రంగుల తేడా తెలియని వాళ్లు మన మధ్య ఉన్నారు. ఒకటి నిండు గీత, ఒకటి తెగిన గీత పెట్టండి.

మెటలర్జీ వాళ్లకు ప్రత్యేకంగా చెప్పాల్సింది ఉంది. గ్రెయిన్ (లోహంలోని చిన్న స్ఫటికం) సైజు కొలిచే ఇంటర్‌సెప్ట్ పద్ధతిలో ఫొటో మీద గీత గీసి, అది ఎన్ని గ్రెయిన్ సరిహద్దులను కోసిందో లెక్కపెడతారు. మొత్తం 500 మైక్రాన్ల గీత 25 సరిహద్దులను కోస్తే సగటు 20 మైక్రాన్లు. దీనికి వాడే ఏఎస్‌టీఎం ఈ112 ప్రమాణంలో గీత చివర సరిగ్గా సరిహద్దును తాకితే అర, గీత మూడు గ్రెయిన్లు కలిసే చోటు మీదుగా పోతే ఒకటిన్నర అని లెక్క. అంటే గీత చివర ఎక్కడ ఆగిందన్న దాని మీద లెక్క మారుతుంది. మరి మ్యాట్‌ప్లాట్‌లిబ్ నిండు గీతలకు మామూలుగా ఇచ్చే చివర ప్రొజెక్టింగ్ రకం. మీరు చెప్పిన బిందువు దాటి సగం మందం మేర బయటికి పొడుచుకొస్తుంది. కంటితో చూసి లెక్కపెట్టేవాడు తాకని సరిహద్దును తాకిందనుకుంటాడు. గీత చివర ఆకారాన్ని చెప్పే క్యాప్‌స్టయిల్‌ను బట్ అని మారిస్తే చెప్పినచోటే ఆగుతుంది. ఒక్క మాట రాస్తే పోయే సమస్య ఇది, చెప్పేవాళ్లు లేక ఏళ్ల తరబడి నడుస్తోంది.

లేబుల్ తెలుగులో ఉండాలని నేను పట్టుబడతాను. ఇంటి గోడ పగులు ఫొటో ఆ ఇంటాయనకే చూపించాలి కదా, మేస్త్రీకే చూపించాలి కదా. కానీ ఓపెన్‌సీవీలో ఫొటో మీద అక్షరాలు రాసే పుట్‌టెక్స్ట్‌కు తెలుగు ఇస్తే ప్రశ్నార్థకాలు వస్తాయి. దానిలోని అక్షరాలు ఇంగ్లీషు వరకే. మ్యాట్‌ప్లాట్‌లిబ్‌లో తెలుగు ఫాంట్ పెట్టినా ఒత్తులు విడిపోయి నిలబడడం నేను చూశాను. ఇలాంటప్పుడు ఫొటో మీద గీతలకు 1, 2, 3 అని అంకెలు వేసి, కింద క్యాప్షన్‌లో తెలుగులో వివరంగా రాయిస్తున్నాను. చదివేవాళ్లకు అదే సులువుగా ఉంది.

సేవ్ చేసేటప్పుడు జేపెగ్ వద్దు, పీఎన్‌జీ పెట్టండి. జేపెగ్ రంగు వివరాన్ని తగ్గించి దాస్తుంది కాబట్టి సన్నటి రంగు గీత చుట్టూ మసక పడుతుంది. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే మళ్లీ కుదిస్తుంది, డాక్యుమెంట్‌గా పంపండి. మాట్‌ల్యాబ్‌లో 2020 నుంచి ఉన్న ఎక్స్‌పోర్ట్‌గ్రాఫిక్స్ వాడి 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) పెడితే అంచుల చుట్టూ తెల్లటి ఖాళీ కూడా రాదు.

గైడ్లుగా ఉన్న తోటి లెక్చరర్లకు నా విన్నపం. ఏ అల్గారిథమ్ వాడావని అడగడానికి ముందు, ఈ గీత చివరల విలువలు చూపించమని అడగండి. పరకాల నుంచో నర్సంపేట నుంచో రోజూ బస్సులో వచ్చి చదువుకునే పిల్లలు తెలివితక్కువ వాళ్లు కారు. అడిగితే రెండు గంటల్లో నేర్చుకుని వస్తారు. మనం అడగడం లేదు, అందుకే వాళ్లు నేర్చుకోవడం లేదు. ఈసారి నా దగ్గరికి వచ్చే టీములన్నింటికీ ముందే చెప్పేశాను: ముట్టుకోని ఒరిజినల్ ఫొటో, గీతల విలువల ఫైల్, గీసే స్క్రిప్ట్ మూడూ ఒకే ఫోల్డర్‌లో ఉండాలి, రివ్యూలో నా ముందే రన్ చేయాలి. మార్కుల షీటులో దీనికి గడి లేదు. ఐదు మార్కుల గడి ఒకటి పెట్టమని అడిగాను, వచ్చే మీటింగ్‌లో మళ్లీ అడుగుతాను.